కత్తికి వదిలిన అంచు

శుభవార్త వచ్చినప్పుడు రసీదు నోట్లో పెన్సిలుంది. తెర మీది మెయిలు సగం చదివేసరికి అది జారిపడి బల్ల కిందికి దొర్లిపోయింది. వంగి తీసుకోవాలని కూడా తోచలేదు. "సార్! మనం ఉన్నాం! ఆ ముగ్గురిలో మనం ఉన్నాం!" అని లోపలి గది దాకా వినబడేలా అరిచింది.

రసీదు అనేది బైండింగు షాపులో ఆమెకు పడిన పేరు. చినిగిన పుస్తకం పట్టుకుని ఎవరొచ్చినా పేజీలు లెక్కపెట్టి, ఏవి లేవో, ఏవి చిరిగాయో చూసి, ఉన్నది ఉన్నట్టు రసీదు రాసివ్వడం ఆమె పని. పేరు పెట్టింది కటింగు మాస్టారు. "నాకు పెళ్ళయి నలభై రోజులైంది మాస్టారూ, ఇకనైనా మర్యాదగా పిలవండి" అంటే, "అలాగేనమ్మా, రసీదుగారూ" అన్నాడాయన.

యజమాని కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ వచ్చాడు. ఆయన వెనకే అల్లుడు వచ్చాడు. కొత్తగా షాపులో కూర్చోవడం మొదలుపెట్టిన ఆ మనిషికి ఇంకా ఏ పనీ అంటుకోలేదు, చొక్కాకి జిగురు మాత్రం అంటుకుంది. మాస్టారు మిషను చక్రం తిప్పడం ఆపేశాడు.

"మెల్లిగా చదువు," అన్నాడు యజమాని.

మెల్లిగా చదవడం ఆమె వల్ల కాలేదు గాని, విషయం అందరికీ అర్థమైంది. పెద్ద గ్రంథాలయం వాళ్ళు తమ పాత పుస్తకాలను బాగుచేయించడానికి షాపులను వెతుకుతున్నారు. చివరికి మిగిలిన మూడింటిలో ఇదొకటి. చేతికుట్టు ఎలా వేస్తారో చూపిస్తూ మూడు నిమిషాల వీడియో గురువారం సాయంత్రం అయిదింటిలోగా పంపాలి. ఎంపికయితే అట్టలు, కటింగు షాపులోనే జరుగుతాయి. కుట్టు మాత్రం గ్రంథాలయంలోనే జరగాలి. అందుకని వీడియోలో ఎవరు కుడతారో ఆ మనిషినే పాత పుస్తకాల గదిలోకి పక్కా ఉద్యోగంలో తీసుకుంటారు.

అందరి తలలూ ఒక్కసారి మూలకి తిరిగాయి. అక్కడ ఎత్తు తక్కువ స్టూలు మీద కుట్టత్త కూర్చునుంది. కుట్టు చెక్కకి బిగించిన తాళ్ళ మధ్య, మడతపెట్టిన పేజీల కట్టల్ని, అంటే ఫారాలను, ఒకదాని మీద ఒకటి పేర్చి కుడుతోంది. తలెత్తకుండా దారాన్ని మైనం ముద్ద మీద లాగి, "నా వైపెందుకు చూస్తున్నారు? ఏం చేశాను?" అంది.

"నీకు ఉద్యోగం అత్తా! ఆ గది నేను చూశాను. ఇంత పొడుగు కిటికీ, దాని పక్కనే బల్ల!" అంది రసీదు.

కుట్టత్త సూది ఆపింది. "కిటికీ ఎటువైపుంది? పొద్దుటెండా, సాయంత్రం ఎండా?"

"అది చూడలేదు."

"చూడాల్సింది అదే కదే పిల్లా," అని మళ్ళీ సూది దింపింది. కాని ఆ పూటంతా మధ్యమధ్య గోడ వైపు చూస్తూనే ఉంది. ఆ గోడకి కిటికీ లేదు.

"అది సరే, వీడియో అతికించే పని మనలో ఎవరికైనా వచ్చా?" అన్నాడు యజమాని.

ఒక చెయ్యి పైకి లేచింది. అది తన చెయ్యేనని రసీదు కాస్త ఆలస్యంగా గమనించింది. పెళ్ళి ఫొటోలన్నీ కలిపి, పాట జోడించి, వీడియో చేశానని షాపులో అందరికీ చూపించింది నిజమే. ఆ పని ఫోను దానంతటదే చేసిపెట్టిందని మాత్రం చెప్పలేదు. అయినా ఈ నలభై రోజులుగా ఆమెకు ఏ పనీ కష్టమనిపించడం లేదు. నిన్న బట్టలారేసే తీగ కూడా తనే కట్టింది.

"నీకొచ్చా?" అన్నాడు యజమాని.

"వచ్చేస్తుంది సార్," అంది.

*

"వచ్చేస్తుందన్నావా, వచ్చన్నావా?" అని అడిగాడు ఆమె భర్త ఆ సాయంత్రం. అతను లిఫ్టు మెకానిక్కు. మాట కచ్చితంగా ఉండాలి అతనికి.

"ఏవండీ, మీరు నా పక్షమా, మా సారు పక్షమా?"

ఏవండీ అని పిలవడం ఆమెకింకా కొత్త సరదా. అవసరం లేకపోయినా రోజుకి పదిసార్లు పిలుస్తుంది. అతను ప్రతిసారీ పలుకుతాడు.

అతని లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టారు. బల్లకి ఒక కాలు పొట్టి. షాపులో మిగిలిన అట్టముక్కలు నాలుగు కలిపి కుట్టి దాని కింద పెట్టింది రసీదు. ఆ ఇంట్లో ఆమె చేసిన మొదటి మరమ్మతు అది. ఫోనులో పాఠం, లాప్‌టాప్‌లో అభ్యాసం. ఇయర్‌ఫోను ఒకటే ఉంది, ఎడమ చెవి ఆమెకి, కుడి చెవి అతనికి. తీగ పొడుగు చాలడం లేదని ఇద్దరూ విసుక్కున్నారు గాని, పొడుగు తీగ కొందామని ఎవరూ అనలేదు.

పాఠం చెప్పే ఆయన ముఖం తెర మూలన చిన్న గుండ్రంలో కనబడుతోంది. మొదటి మాటే "చాలా ఈజీ అండీ" అన్నాడు. ఆ తర్వాత ప్రతి రెండు నిమిషాలకీ అదే మాట. అరగంట తిరక్కుండానే ఆయనకి చాలాఈజీగారు అని పేరు స్థిరపడిపోయింది.

"ఇక్కడ ఇలా నొక్కితే కత్తెర వస్తుంది, చాలా ఈజీ అండీ."

"ఆపండి ఆపండి! ఎక్కడ నొక్కాడు?"

అతను వెనక్కి జరిపాడు. చాలాఈజీగారు మళ్ళీ అదే వేగంతో నొక్కాడు. ఆయన తెర నల్లగా ఉంది, వీళ్ళది తెల్లగా ఉంది. ఆయన కత్తెర ఎడమవైపుంది, వీళ్ళ తెర మీద ఏ వైపూ లేదు. కనబడిన బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా నొక్కింది రసీదు. ఒకటి నొక్కితే తెర సగం మాయమైంది. ఇంకోటి నొక్కితే అక్షరాలు పెద్దవయ్యాయి. మూడోది నొక్కితే ఏం జరిగిందో ఇద్దరికీ తెలియలేదు. అంతకుముందు ఉన్నదేదో లేదని మాత్రం తెలిసింది.

"ఇదంతా లిఫ్టులాంటిదే," అన్నాడతను ధైర్యం చెబుతున్నట్టు. "వైరు వెంట వెళ్తే ఎక్కడో ఒకచోట తేలుతుంది."

"మరి నా లిఫ్టు ఇప్పుడెక్కడుంది?"

"రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్యలో. తలుపు మాత్రం తియ్యకు."

అభ్యాసానికని అతను టీ పెడుతున్నప్పుడు తీసిన వీడియో పెట్టుకున్నారు. మధ్యలో గీత పెట్టి, రెండో ముక్క ఎంచి, తీసేసే మీట నొక్కింది. అతను టీ వడకట్టే భాగం గుటుక్కున మాయమైంది. రసీదు రెండు చేతులూ గాల్లోకి లేపింది.

"ఏవండీ! మిమ్మల్ని తీసేశాను!"

అతను ఫోల్డరు తెరిచి చూపించాడు. అసలు వీడియో చెక్కుచెదరలేదు. అందులో అతను నిక్షేపంగా టీ వడకడుతున్నాడు. దాంతో ఆమె అయోమయం రెట్టింపయింది. షాపులో కత్తి కింద పడినది మళ్ళీ రాదు. అందుకే మాస్టారు ఎవరినీ మిషను దగ్గరికి రానివ్వడు. ఇక్కడ కోస్తే ఏదీ తెగడం లేదు. తెగనప్పుడు దాన్ని కోయడమని ఎందుకంటారు? కోసిన ముక్క ఎక్కడికి పోయింది? చాలాఈజీగారిని అడుగుదామంటే ఆయన అప్పటికే వీడ్కోలు చెప్పేస్తున్నాడు.

రెండో పాఠం అయ్యాక తర్వాతిది పెడితే అది నాలుగోది. మూడోది ఎంత వెతికినా దొరకలేదు. నాలుగోదాంట్లో ఆయన, "పోయిన పాఠంలో ప్రతి ముక్కకీ అంచులు శుభ్రం చేసేసుకున్నాం కదండీ, ఇక దీన్ని బయటికి తీయడమే" అంటూ మొదలుపెట్టాడు. రసీదు తన నోటుపుస్తకంలో అలవాటు కొద్దీ రాసుకుంది: మూడవ భాగం లోపించినది.

*

మర్నాడు పదింటికి చిత్రీకరణ. యజమాని ఫోను ఇచ్చాడు. మాస్టారు దీపం పట్టుకున్నాడు. రసీదు ఎర్ర మీట నొక్కింది.

కుట్టత్త ఫారం తెరిచి, మడత లోపలి నుంచి సూది పొడిచి, తాడు చుట్టూ తిప్పి, పక్క రంధ్రంలోకి దింపింది. దారం లాగేటప్పుడు అది ఎంత బిగిసిందో చూపుడువేలితో మీటి చూస్తుంది. బిగువు సరిపోతే సన్నగా టంగుమంటుంది. ఆ చప్పుడు వచ్చేదాకా రెండో ఫారం ముట్టుకోదు. ఇన్నాళ్ళుగా పక్కనే కూర్చున్నా, ఇంత దగ్గరగా రసీదు ఎప్పుడూ చూడలేదు. ఫోను తెరలో ఆ వేళ్ళు వేరే ఎవరివోలా, చాలా పెద్ద మనిషివిలా ఉన్నాయి.

"ఒక్క నిమిషం," అన్నాడు యజమాని. గడ్డం గోక్కున్నాడు. "బాగుంది. బాగానే ఉంది. కాని చూసేవాళ్ళు పెద్ద చదువుల వాళ్ళు. కొంచెం... అల్లుడుగారూ, మీరు కూర్చోండి."

అల్లుడు వెనక్కి చూశాడు, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనన్నట్టు. "నాకు కుట్టడం రాదు కదా మావయ్యా."

"రానక్కర్లేదు, కనబడితే చాలు. ఉద్యోగం మీకు వచ్చాక కుట్టత్తే నేర్పుతుంది. ఏం అత్తా?"

మాస్టారి చేతిలో దీపం కొద్దిగా కిందికి దిగింది. కుట్టత్త మోకాలి మీద చెయ్యి ఆనించి, ఇంకో చేత్తో కుట్టు చెక్క పట్టుకుని లేచింది. అరచేత్తో స్టూలు దులిపింది. దారం ఎక్కించిన సూదిని మొన తన వైపుంచి అందించింది.

"స్టూలు ఎత్తు తక్కువ బాబూ. కాళ్ళు అటు చాపుకో. వేలు చూసుకో," అంది.

తొమ్మిది చోట్ల నుంచి తొమ్మిది సార్లు తీశారు. ప్రతిసారీ కుట్టత్త కూర్చుని కుట్టు నడిపించి పెట్టేది. యజమాని చెయ్యి ఊపగానే లేచేది. అల్లుడు కూర్చుని, కళ్ళు చిట్లించి, ఒక దారం లాగేవాడు. అతను లేవగానే ఆమె మళ్ళీ కూర్చుని, అతను వేసింది విప్పి, మళ్ళీ వేసేది. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలెట్టాలో తెలియక రసీదు ఫోనుని అసలు ఆపనే లేదు. ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో చెబుతుంటే మాటలు తడబడ్డాయి. "ఆ గది అత్తది కదా. మెయిల్లో అలాగే ఉంది కదా. మరి ఆయనెందుకు కూర్చున్నాడు? అత్త ఎందుకు ఏమీ అనలేదు?"

"నువ్వేమన్నావు?" అని అడిగాడతను.

"ఇంకొంచెం కుడివైపు జరగండి అన్నాను."

*

బుధవారం పొద్దున్నే అయిదింటికి లేచి కూర్చున్నారు. ఆపకుండా తీసిన వీడియోలోంచి తొమ్మిది ముక్కలు కోసి వరసగా పేర్చాలి. ప్రతి ముక్కనీ అల్లుడు ఒక్కడే ఉన్న భాగం నుంచి మొదలెట్టి, అతను ఒక్కడే ఉన్నచోట ఆపాలి. ఆ రెండు గీతలూ ఎక్కడ పెట్టాలో రసీదుకు తెలుసు. కాని అక్కడ పెట్టడానికి చెయ్యి రాలేదు. రెండు గీతలకీ బయట ముందు పది సెకన్లు, వెనక పది సెకన్లు వదిలింది.

"అదెందుకు?" అన్నాడతను టీ అందిస్తూ.

"అంచు. కత్తికి వదలాలి."

షాపులో ఆమె మొదటిరోజు నేర్చుకున్న పాఠం అది. ఏ పుస్తకమైనా కుట్టేటప్పుడు, అతికేటప్పుడు మూడు వైపులా కాస్త ఎక్కువ ఉంచాలి. తక్కువ వదిలితే మిషను అక్షరాల్లోకి దిగుతుంది. అంతా అయ్యాక పుస్తకం మొత్తాన్ని కత్తి కింద పెట్టి చక్రం తిప్పితే, మూడొందల పేజీల అంచులూ వైపుకి ఒక్క వేటుతో పోతాయి. ఏ పేజీకి ఆ పేజీ కూర్చుని కోసేవాణ్ణి మాస్టారు పనిలో ఉంచుకోడు.

నాలుగో పాఠంలో చాలాఈజీగారు చివర్లో చూపించింది కూడా అదేనని ఆమెకి తోచింది. వీడియో మొదట ఒక గుర్తు, ఆఖర ఒక గుర్తు పెట్టమన్నాడు. ఆ గుర్తులకి బయట ఉన్నదేదీ వెళ్ళదన్నాడు. అంటే అదే కత్తి. రెండు గుర్తులు పెట్టి మీట నొక్కితే తొమ్మిది ముక్కల అంచులూ ఒకేసారి పోతాయన్నమాట. అబ్బ, చాలా ఈజీ!

ఈ సంతోషం గురువారం మధ్యాహ్నం దాకా నిలిచింది. లాప్‌టాప్‌ని షాపుకి తెచ్చి తెరిస్తే తొమ్మిది ముక్కల స్థానంలో తొమ్మిది ఎర్ర పలకలున్నాయి. ఒక్కో దాని మీదా ఫైలు దొరకలేదని రాసుంది. లిఫ్టు మెకానిక్కుకి ఫోను చేసింది.

"నిన్న ఏమైనా కదిపావా?"

"ఏమీ లేదు. అన్నీ చిందరవందరగా ఉన్నాయని ఫోల్డరు సర్ది, పేరు మార్చి పెట్టాను, అంతే."

"ఆ పేరే మళ్ళీ పెట్టు. అది పాత గుమ్మం దగ్గరే నిలబడి తలుపు కొడుతోంది పాపం."

పాత పేరు ఏమిటో గుర్తురావడానికి గంట పట్టింది. పలకలు మళ్ళీ బొమ్మలయ్యేసరికి మూడున్నర. సంగీతం పెట్టడం కుదర్లేదు. మొదటి గుర్తు పెట్టింది, ఆఖరి గుర్తు పెట్టింది, బయటికి తీసే మీట నొక్కింది. పచ్చగీత చీమలా పాకడం మొదలెట్టింది. యజమాని ఆమె కుర్చీ వెనక నిలబడి గడియారం చూస్తూ, కుర్చీ వీపుని వేళ్ళతో వాయిస్తున్నాడు. నాలుగూ యాభైకి గీత చివరికి చేరింది.

"ఒకసారి చూసి పంపుదాం సార్."

"పంపెయ్ పంపెయ్! పంపాక చూద్దాం!"

నాలుగూ యాభై ఏడుకి వెళ్ళింది. అందరూ ఊపిరి వదిలారు. మాస్టారు మిషను ఆపి వచ్చాడు. కుట్టత్త కూడా సూదిని చెక్కలో గుచ్చి, చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది. రసీదు వీడియో ఆడించింది.

తెర మీద కుట్టత్త కుడుతోంది. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. స్టూలు దులిపింది. సూది అందించింది. "వేలు చూసుకో" అంది. అల్లుడు కూర్చుని, కళ్ళు చిట్లించి, దారం లాగాడు. స్స్ అంటూ వేలు నోట్లో పెట్టుకుని లేచాడు. కుట్టత్త కూర్చుని ఆ కుట్టు విప్పింది.

ఒక్క అంచు కూడా పోలేదు.

రెండో ముక్క. కుట్టత్త లేచింది. మూడో ముక్క. కుట్టత్త లేచింది. ప్రతిసారీ అదే చెయ్యి అదే మోకాలి మీద ఆనింది, అదే అరచెయ్యి స్టూలు దులిపింది. అయిదోసారికి మాస్టారు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఏడోదానికి అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. తొమ్మిదోది అయ్యాక తెర నల్లబడింది. యజమాని ముఖం కూడా ఇంచుమించు ఆ రంగులోనే ఉంది.

"తొమ్మిదిసార్లు లేచానా?" అంది కుట్టత్త వెనకనుంచి. "రెండ్రోజులుగా మోకాళ్ళెందుకు పీకుతున్నాయా అనుకుంటున్నా."

యజమాని నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు. "రేపు పొద్దున్నే సరిచేసి తీసుకురా. పొరపాటున వేరేది వచ్చిందని రాసి, మళ్ళీ పంపుదాం. అడ్డమైన వీడియో అతికించి, వచ్చేస్తుందన్నావా నాకు?"

*

మూడో పాఠం ఇంటికెళ్ళిన పావుగంటకే దొరికింది. చాలాఈజీగారు దానికి అంకె వెయ్యడం మరిచిపోయాడట, కింద ఎవరో తిట్టి రాశారు. ప్రతి ముక్క అంచునీ వేలితో పట్టుకున్నట్టు పట్టుకుని లోపలికి జరపాలి. ఒక్కో ముక్కకి రెండేసి సార్లు. ఒక్క వేటు అనేది లేనే లేదు.

శుక్రవారం పొద్దున కూర్చుని తొమ్మిది ముక్కలూ జరిపింది. చేతికి పట్టు దొరికింది. ఒక అంచు జరిపి చూస్తే, ఆ చోటు అతుకు కూడా తెలియకుండా తర్వాతి ముక్కతో కలిసిపోయింది. "ఏవండీ, చూడండి చూడండి!" అని అతన్ని గడ్డం గీసుకుంటుండగానే లాక్కొచ్చింది. అతను సగం నురుగుతో చూశాడు. వీడియో నున్నగా, గబగబా నడిచింది. అల్లుడు కుడుతున్నాడు, కుడుతున్నాడు, కుడుతూనే ఉన్నాడు.

"బాగుంది. నిజంగా నేర్చేసుకున్నావు," అన్నాడతను.

బాగుంది. రసీదుకి కూడా బాగానే అనిపించింది. మళ్ళీ ఆడించింది. కుట్టత్త ఎక్కడా లేదు. ఆమె లేదని కూడా ఎక్కడా తెలియడం లేదు.

"నిన్నటిది తప్పు. ఇది ఒప్పు," అంది లాప్‌టాప్ మూస్తూ. "మరి నాకు రెండూ తారుమారుగా ఎందుకున్నాయండీ?"

అతను నురుగు తుడుచుకుంటూ ఆలోచించాడు. "పుస్తకం చేతికొచ్చినప్పుడు రసీదు ఎలా రాస్తావు?" అన్నాడు.

షాపుకి వెళ్ళి కంప్యూటరు పెట్టేసరికి గ్రంథాలయం నుంచి జవాబు ఎదురుచూస్తోంది. అందరినీ పిలిచి చదివింది. ఈసారి మెల్లిగానే చదివింది. వీడియో అందింది. అతుకులు మోటుగా ఉన్నాయి. రేపు పదింటికి ఇద్దరం వస్తున్నాం, కుట్టు మా ఎదుట జరగాలి. ఈలోగా ఒక సంగతి తెలపండి: ప్రతిసారీ స్టూలు మీది నుంచి లేస్తున్న ఆవిడ ఎవరు?

యజమాని రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు. "రాయి. ఆవిడ మా సహాయకురాలు. సూదిలో దారం ఎక్కించి ఇస్తుంది. అంతే. దాంతోపాటు సరిచేసింది పంపు."

రసీదు వేళ్ళు అక్షరాల మీద పెట్టింది. అవి కదల్లేదు. షాపులో చేరిన తర్వాత ఎప్పుడూ ఆయన మాటకి ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది.

"సార్, పేజీ చిరిగుంటే చిరిగిందని రాయమన్నారు. లేకపోతే లేదని రాయమన్నారు. ఉన్నది ఉన్నట్టు రాయకపోతే రేపు గొడవ మనదే అవుతుందని మొదటిరోజే చెప్పారు. నేను తొమ్మిదిసార్లు చూశాను సార్. సహాయకురాలని నాచేత రాయించకండి."

"నువ్వెవరివి నాకు నేర్పడానికి?"

"రసీదుని సార్," అంది. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

మాస్టారు చక్రం మీద చెయ్యి వేసి, తిప్పకుండా నిలబడ్డాడు. అల్లుడు గొంతు సవరించుకున్నాడు. కుడిచేతి వేళ్ళు మూడింటికి పట్టీలున్నాయి.

"మావయ్యా, సూదిలో దారం ఎక్కించడమే నాకింకా రాలేదు. రేపు వాళ్ళొచ్చి నన్ను కూర్చోమంటే పోయేది నా పరువు కాదు, మీ పరువు. కూర్చోవాల్సిన మనిషినే కూర్చోనివ్వండి. నేను పక్కన నించుని నేర్చుకుంటా. ఆవిడ తిట్టకపోతే."

"తిడతా," అంది కుట్టత్త మూలనుంచి.

యజమాని కళ్ళద్దాలు నుదుటి మీది నుంచి ముక్కు మీదికి దించుకున్నాడు. తెర వైపు చూశాడు. ఆ ఒక్క ప్రశ్ననే చాలాసేపు చదివినట్టున్నాడు. "రాయి," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "మా దగ్గర కుట్టేది ఆవిడే అని రాయి. ఇరవయ్యారేళ్ళుగా అని కూడా రాయి."

రసీదు రాసింది. సరిచేసిన వీడియో జతచేయలేదు. మీట నొక్కింది.

ఆ తర్వాత షాపంతా ఒక్కసారి పనిలో పడింది. అల్లుడు మూల ఊడ్చాడు. మాస్టారు దీపాన్ని గోడకి కట్టి, పొద్దుటెండలా ఉందా సాయంత్రం ఎండలా ఉందా అని అడుగుతూ మూడుసార్లు జరిపాడు. యజమాని వాళ్ళొచ్చినప్పుడు ఎవరెక్కడ ఉండాలో చెబుతూ తిరిగాడు. రేపు అల్లుడు గుమ్మం దగ్గర, మాస్టారు మిషను దగ్గర, రసీదు బల్ల దగ్గర.

"అత్తా, నువ్విక్కడ. వాళ్ళు లోపలికి రాగానే లేచి పలకరించు," అన్నాడు.

కుట్టత్త దారాన్ని మైనం మీద లాగింది. కుట్టు బిగించి, చూపుడువేలితో మీటింది. టంగుమంది.

"రేపు నేను లేవను," అంది. "కూర్చునే పలకరిస్తా."